ఒడ్డు ఎంతదూరం కనబడుతుంది

మా వీధిలో ఒకమ్మాయి టూరిజం కోర్సు చదివి, ఈ మధ్యనే రాజమండ్రిలో ఒక ట్రావెల్స్‌లో చేరింది. చేరిన వారానికే మా ఇంటికొచ్చి, "ఆంటీ, ఇందులో నేర్చుకోడానికి ఏముందండి? అంతా ఫోన్లోనే ఉంది కదా" అంది.

ఆ పిల్ల అన్నది అబద్ధం కాదు. టికెట్టు, గది, పడవ, భోజనం అన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి. ఎదురుగా కూర్చున్న మనిషి అసలెందుకు బయల్దేరుతున్నాడో మాత్రం ఫోను చెప్పదు. నేను ఉద్యోగమంతా చేసింది ఆ ఆరా తీయడమే. చిన్నప్పుడు మా అమ్మ "ఊళ్ళోవాళ్ళ సంగతులన్నీ నీకెందుకే" అని తిట్టేది. అదే బుద్ధికి తర్వాత నెలనెలా జీతం ఇచ్చారు.

నా పేరు విజయలక్ష్మి. గోదావరి గట్టుకి దగ్గర్లో ఉన్న ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. తిరుపతి, కాశీ యాత్రలతో మొదలుపెట్టి, చివరి ఏళ్ళకి వచ్చేసరికి పూర్తిగా అండమాన్ దీవుల ప్రయాణాల మీద పడ్డాను. ప్రమోషన్ల సంగతి రాయమనకండి. ఆఫీసులో ఉన్నదే ముగ్గురం, ఎవరు ఎవరికి ప్రమోషన్ ఇస్తారు? కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ళకి పనికొస్తాయనుకున్న రెండు మూడు సంగతులు, వాటిలో ఒకటి కాస్త వివరంగా, ఇక్కడ రాస్తున్నాను.

కాలువ కట్టేశారా?

బయటి ఊళ్ళలో వేసవి ప్రయాణం అంటే స్కూలు సెలవులు చూస్తారు. మా దగ్గర కాలువ చూస్తారు. రెండో పంట దాళ్వా కోత అయి, ధాన్యం ఇల్లు దాటి, నీళ్ళు ఆపి కాలువలు కట్టేస్తే తప్ప రైతు ఊరు కదలడు. మళ్ళీ నీళ్ళు వదిలేలోపు వచ్చేయాలి. అవతల చూస్తే, మే నెల సగం దాటాక అండమాన్‌లో వానలు మొదలవుతాయి, సముద్రం మాట వినదు. ఈ రెంటికీ మధ్య ఉన్న సందులోనే మేము అందరినీ పంపించి తిరిగి తీసుకురావాలి. అందుకే ఫోను ఎత్తగానే నేను అడిగే మొదటి మాట "ఏ ఊరు వెళ్తారండి" అని కాదు, "మీ వైపు కాలువ కట్టేశారా అండి" అని.

ఇంకో రెండు సంగతులు కూడా ముందే చెప్పి పంపాలి. ఒకటి, ఆ దీవుల్లో సాయంత్రం అయిదున్నరకే పొద్దు గూకిపోతుంది. చెప్పకుండా పంపిస్తే, మధ్యాహ్నం కునుకు తీసి లేచి బీచికి వెళ్ళేసరికి చీకటి పడి, మనల్ని తిడతారు. రెండోది ఆవకాయ. చేతిసంచిలో పెట్టుకుంటే విమానం దగ్గర తీసేసుకుంటారు, పెద్దపెట్టెలో సర్దమని చెప్పాలి. కోరుకొండ దగ్గర నుంచి సుబ్బలక్ష్మి గారని ఒక రైతు భార్య, మా దగ్గర తరచూ యాత్రలకి వచ్చేవారు. ఒకసారి ఆవిడ జాడీ అక్కడ తీసేసుకుంటే, "పోనీలెండి, వాళ్ళూ మనుషులేగా, తింటారు" అని పెద్ద మనసు చేసుకున్నారు. తర్వాత రెండు రోజులూ ఎంత నీలం నీళ్ళు చూపించినా ఆవిడ మొహంలో వెలుగు రాలేదు. అన్నంలోకి ఊరగాయ లేకపోతే మా వాళ్ళకి సముద్రం కూడా చప్పగానే ఉంటుంది.

మూర్తి గారి ప్లానులో ఖాళీ ఉండదు

మా యజమాని మూర్తి గారు. ఆయన దగ్గర ఒక మంచి సంగతి నేర్చుకున్నాను, ఒక చెడ్డ సంగతి వదిలించుకున్నాను.

మంచిది టీ. ఎవరు వచ్చినా ముందు టీ తెప్పించేవారు. "ఎక్కడికెళ్ళాలో జనం వెంటనే చెప్పేస్తారమ్మా. ఎందుకెళ్ళాలో టీ సగం అయ్యాక గాని చెప్పరు" అనేవారు. ఇంట్లో నలుగురు కలిసి వస్తే, నలుగురి కారణాలూ నాలుగు ఉంటాయని, ఒకరి ముందు ఇంకొకరు చెప్పుకోరని కూడా ఆయనే చెప్పారు. అలాంటప్పుడు మగవాళ్ళని తనతోపాటు మూలనున్న టీకొట్టుకి తీసుకుపోయి, ఆడవాళ్ళని నాకు వదిలేసేవారు.

చెడ్డది, ప్లానులో ఊపిరాడనివ్వకపోవడం. పొద్దున్న ఒక బీచి, పదింటికి ఇంకొకటి, భోజనం, మ్యూజియం, మళ్ళీ బీచి. "ఖాళీ పెట్టి పంపిస్తే మనకి పని రాదనుకుంటారు" అనేవారు. భీమవరం నుంచి వెళ్ళొచ్చిన ఒక కుటుంబాన్ని ఏది బాగుందండీ అని అడిగితే, ఆ పెద్దాయన కాసేపు ఆలోచించి, "బండి చెడిపోయి రెండు గంటలు చెట్టుకింద కూర్చోపెట్టారు చూడండి, అదే బాగుందండి" అన్నాడు. ఆయన వెటకారమేమీ ఆడలేదు, నిజంగానే అన్నాడు. ఆ రోజు నుంచీ నేను వేసే ప్రతి ప్లానులోనూ ఒక పూట ఖాళీగా వదిలేసేదాన్ని. మూర్తి గారి కంట పడకుండా అక్కడ 'స్థానిక సందర్శన' అని రాసేదాన్ని. అదేమిటో ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

సముద్రం వాళ్ళకి సముద్రమా?

ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలపాటు చేపలు గుడ్లు పెట్టే కాలమని మా తీరంలో మరబోట్లకి వేట నిషేధం ఉంటుంది. అంటే రైతులకి కాలువ కట్టేసిన రోజుల్లోనే, సముద్రం మీద బతికేవాళ్ళకీ తీరిక. అయినా అన్నేళ్ళలో వాళ్ళు ఎవరూ మా ఆఫీసు మెట్లు ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో ఆరా తీయాలని నాకు తోచనే లేదు. మొదటిసారి ఎక్కింది సత్యవతి.

మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చారు, భార్యాభర్తలిద్దరూ. ఆవిడ తిన్నగా వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది. ఆయన గోడమీది కొబ్బరిచెట్ల పోస్టరు ముందు నిలబడి దాన్ని అనుమానంగా చూస్తున్నాడు.

"నా పేరు సత్యవతండి. కాకినాడ దాటాక ఉప్పాడ దారిలో మా ఊరు. ఈయన మా ఇంటాయన, నూకరాజు. సంద్రం మీద ఏటకెల్తాడు. నేను కాకినాడలో సేపలమ్ముతానండి. పిల్లల పెళ్ళిళ్ళు అయిపోనాయి. అండమాను ఎల్లాలండి మేము" అంది.

నేను ఏం చేశానో చెప్తే మీరు నవ్వుతారు. "రోజూ సముద్రం చూసేవాళ్ళు, మళ్ళీ సముద్రానికెందుకండీ? కొడైకెనాల్ వెళ్ళండి, హాయిగా చల్లగా ఉంటుంది" అన్నాను.

నూకరాజు మొహం విప్పారింది. "సెప్పేనా!" అన్నాడు పోస్టరు వదిలేసి. "నేనూ అదే అంటన్నానండి మేడం గారూ. సలిగుండే ఊరెల్దావే అంటే ఇంటేనా?"

సత్యవతి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. గంపలో చేప కదులుతుండగానే "ఇది నిన్నటిదా?" అని అడిగిన బేరానికొచ్చినావిడని చూసినట్టు చూసింది. అప్పటికి నాకు బుద్ధి వచ్చి, మూర్తి గారికి కళ్ళతో సైగ చేశాను. ఆయన నూకరాజు భుజం మీద చెయ్యేసి టీకొట్టుకి తీసుకుపోయారు.

"ఇప్పుడు చెప్పండి" అన్నాను. ఆవిడ టీ సగం తాగి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది.

"మా ఊళ్ళో ఆడోళ్ళు సంద్రం మీదకి ఎల్లకూడదండి. ఏటకెల్లే పడవ ముట్టుకోకూడదు కూడాను. గోదారి దాటాలంటే పంటు ఎక్కేను గానీ, సంద్రం మీద మాత్రం ఒక్కసారి కూడా లేదండి. పుట్టింది ఒడ్డునే, మెట్టింది ఒడ్డునే."

"ఊఁ."

"ఆయన ఎల్లినప్పుడల్లా ఒడ్డున నిలబడతానండి. పడవ సుక్కయ్యేదాకా, ఆ సుక్క కూడా పోయేదాకా. పెళ్ళైన కాణ్ణించీ అంతే. అక్కణ్ణించి సూత్తే నేను ఎంతదూరం కనబడతానో, ఒక్కసారి సూడాలండి. దీవంటే పడవెక్కక తప్పదంట కదా. మా ఊరి పడవ కాదు, మా సంద్రం కాదు, ఇంక ఎవరేం అంటారు?"

నాకు వెంటనే ఒక ప్రశ్న వచ్చింది, అడిగేశాను. "ఆయన్నే అడగొచ్చు కదండీ?"

"నవ్వుతాడండి అడిగితే. అలలు దాటేక మగోళ్ళు ఎనక్కి తిరిగి సూడకూడదంట. సూత్తే ఏట సాగదంట." అంతలోనే కొంచెం ముందుకు వంగి గొంతు తగ్గించింది. "సూడకూడదంటారు గానీ, సూడకుండా ఉంటారేంటండి? ఓరకంటైనా సూడడూ?"

ఈ మాట రాయడానికి నాకు సిగ్గేమీ లేదు. అన్నేళ్ళుగా జనాన్ని బీచిలకి పంపిస్తున్నాను, ఏ బీచిలో ఏం కనబడుతుందో నిద్రలో అడిగినా చెప్తాను, సముద్రం మీంచి చూస్తే ఒడ్డున మనిషి ఎంతదూరం కనబడుతుందన్నది మాత్రం ఒక్కరోజూ నాకు తట్టలేదు. ఆ రాత్రి మా ఇంట్లో నేను అదే మాట పదిసార్లు తలుచుకున్నాను. నాక్కూడా చూడాలనిపించింది. ఆ గుంపుతో తోడుగా వెళ్ళే మనిషి వేరే ఉన్నా, మూర్తి గారిని అడిగి నేనే బయల్దేరాను.

ఏసీ బస్సు

వాళ్ళిద్దరినీ సుబ్బలక్ష్మి గారి గుంపులో కలిపాను. అందరూ రైతు కుటుంబాల వాళ్ళు. మా జిల్లాల్లో మాటకి ముందొక 'గారు', వెనకొక 'అండి' తగిలిస్తాం గాని, ఆ మర్యాద చాటునే "ఎవరి తాలూకు?" అన్న ప్రశ్న నక్కి ఉంటుంది. రాజమండ్రి పక్కనే ఉన్న మధురపూడి విమానాశ్రయంలోనే సుబ్బలక్ష్మి గారు నన్ను పక్కకి పిలిచి అడిగారు. "సముద్రం వాళ్ళండి" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే మంచిదేలెండి, పడవలో మనకేదైనా అయితే ఆవిడ చూసుకుంటుంది" అన్నారు.

చెన్నై మీదుగా పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాం. మర్నాడు పొద్దున్న అక్కణ్ణించి హేవ్‌లాక్ దీవికి పెద్ద పడవ. నేను చాలా తెలివిగా మధ్య వరసలో సీట్లు తీసుకున్నాను. అక్కడ కుదుపు తక్కువ. తీరా ఎక్కాక చూస్తే, ఆ పడవకి తలుపులన్నీ మూసేసి ఏసీ వేశారు. కిటికీ అద్దాలేమో ఉప్పు పట్టి మసకబారిపోయి ఉన్నాయి. మధ్య సీట్లోంచి చూస్తే ముందు వాళ్ళ తలలు తప్ప ఏమీ కనబడలేదు. సౌకర్యం చూసుకుని, ఆవిడ వచ్చిందెందుకో మర్చిపోయాను.

పడవ రేవు దాటి కాస్త ఊగగానే సత్యవతికి వాంతి మొదలైంది. పొలాల మధ్య పుట్టి పెరిగిన ఆడవాళ్ళందరూ నిక్షేపంగా కూర్చుని జంతికలు తింటున్నారు, సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి మాత్రం తలెత్తలేకపోయింది. సుబ్బలక్ష్మి గారే లేచి వచ్చి పక్కన కూర్చుని, సంచిలోంచి నిమ్మకాయ తీసి వాసన చూపించి, "ఏంటమ్మా నువ్వు, నిన్ను నమ్ముకుని పడవెక్కితే!" అని నుదురు పట్టుకున్నారు. ఆ తర్వాత ఆవిడ ఎవరి తాలూకు అని ఎవరూ అడగలేదు.

ఆడమనిషిని సముద్రం మీదకి ఎక్కించినందుకు నూకరాజు ఏమంటాడోనని నేను బిక్కుబిక్కుమంటున్నాను. ఆయనకి ఆ బాధే లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళివారింట్లో కొత్తల్లుడిలా కూర్చున్నాడు. నేను పలకరిస్తే, "ఇది పడవేంటండి? గాలి తగల్దు, నీరు తగల్దు. ఏసీ బస్సండి ఇది. బస్సు ఆడోళ్ళు ఎక్కితే తప్పేంటి?" అన్నాడు.

ఆయన మంచి ఊపులో ఉన్నాడు కదా అని అడిగాను. "సముద్రం మీంచి చూస్తే మీ ఊరి ఒడ్డు ఎలా ఉంటుందండి?"

"వచ్చేటప్పుడైతే ముందు లైటుహౌసు కనబడద్దండి. తర్వాత తాడిసెట్లు, ఆ తర్వాత ఇళ్ళు."

"వెళ్ళేటప్పుడో?"

"ఎల్లేటప్పుడు తెలీదండి. ఎనక్కి సూడం కదా."

"ఒక్కసారి కూడానా? ఓరకంటైనా?"

ఆయన నా వైపు వింతగా చూశాడు. "మా నాన్న సూళ్ళేదు, నేను సూళ్ళేదు. మనం ఎనక్కి సూత్తే సంద్రం మనల్ని ఎనక్కే పంపేత్తదంట. ఇంటిమీద బెంగెట్టుకున్నోడికి సేప పడదండి."

సత్యవతి వైపు చూశాను. సుబ్బలక్ష్మి గారి భుజం మీద తలపెట్టి కళ్ళు మూసుకుని ఉంది. ఆయన మాట ఆవిడ చెవిన పడలేదు. నా ఆరా మొదటిసారి నాకే చేదైంది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఎండలో నిలబడిన మనిషి, ఆయన చూస్తాడన్న నమ్మకంతోనే నిలబడింది. చూడలేదని ఇప్పుడు నాకు తెలుసు, ఆవిడకి తెలీదు. చెప్పాలా, చెప్పకూడదా? నేను చెప్పలేదు. ఇప్పటికీ అది సరైన పనేనని అనుకుంటున్నాను. మనం ప్రయాణాలు వేసేవాళ్ళం, మొగుడూపెళ్ళాల మధ్య కబుర్లు మోసేవాళ్ళం కాదు. కాని ఆవిడ చూడాలనుకున్నది మాత్రం ఎలాగైనా చూపించాలని పట్టుదల పట్టింది నాకు.

ఖాళీగా వదిలిన పూట

హేవ్‌లాక్ నుంచి మళ్ళీ అలాంటి ఏసీ పడవలోనే నీల్ దీవికి చేరాం, అక్కడ ఒక ఉదయం 'స్థానిక సందర్శన'. అక్కడి బీచిలో పగడాల దిబ్బలు చూపించడానికి చిన్న చిన్న పడవలు తిప్పుతారు. అడుగున అద్దం బిగించి ఉంటుంది. వంగి చూస్తే కింద చేపలు కనబడతాయి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడే అవి తేలతాయి గనక, పొద్దున్నే అందరినీ లేపి ఒడ్డుకి తీసుకెళ్ళాను. పైకప్పు లేదు, కిటికీ లేదు, నాలుగు వైపులా తెరిపి. సత్యవతికి కావలసిన పడవ అదే.

నూకరాజు పడవ దగ్గరికెళ్ళి పలకల మీద వేళ్ళతో కొట్టి చూశాడు. ఇంజను వంగి చూశాడు. నడిపేవాడిని రెండు ప్రశ్నలు అడిగి, బాగానే ఉందన్నట్టు తలూపాడు. తలూపి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇది పడవండి" అన్నాడు.

సత్యవతి అప్పటికే మోకాలి లోతు నీళ్ళలో ఉంది. ఒక చెయ్యి పడవ అంచుమీద వేసింది. అలాంటి పడవ ముట్టుకోవడం ఆవిడకి జన్మలో అదే మొదటిసారి. అది నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. మిగతా ఆడవాళ్ళు ఎక్కేసి, ఇంకా ఆలస్యమెందుకని చూస్తున్నారు. ఆయన వద్దంటే ఆవిడ వెనక్కి వచ్చేస్తుంది. ఇంత దూరం వచ్చి, ఒడ్డు చూడకుండానే తిరిగి ఒడ్డుకి పోవాలి.

"మనూరు కాదు, మన పడవ కాదు" అంది ఆయన వైపు చూడకుండా.

ఆయన ఆవిడ చేతినీ, పడవనీ మార్చి మార్చి చూశాడు. చివరికి నాతో అన్నాడు. "దాన్ని ఎక్కనీండి మేడం గారూ. ఆ ఊరి పడవ, ఆ ఊరి ఆచారం. నేను మాత్రం ఎక్కనండి. ఆడమనిషితో కలిసి పడవెక్కితే, రేపు ఇంటికెల్లి ఏ మొహం పెట్టుకుని ఏటకెల్లను?"

అలా ఆయన ఒడ్డున ఉండిపోయాడు. మేము కదిలాం.

పగడాల దగ్గరికి రాగానే అందరూ అద్దం మీదకి వంగిపోయారు. "అమ్మో, పసుపు రాసినట్టుంది చూడండి ఆ చేప!" అని సుబ్బలక్ష్మి గారు చిన్నపిల్లలా అరుస్తున్నారు. సత్యవతి ఒక్కతే అద్దానికి వీపుపెట్టి ఒడ్డు వైపు కూర్చుంది. లైఫ్‌జాకెట్ గడ్డాన్ని నొక్కుతున్నా సర్దుకోలేదు.

"చేపలు చూడరా?" అన్నాను.

"రోజూ సూత్తానే ఉంటాను కదండీ సేపల్ని" అంది.

నేనూ ఆవిడ పక్కన అటే తిరిగి కూర్చున్నాను. ముందు ఆయన మొహం కనబడింది. తర్వాత మీసం ఉన్న సంగతి తెలీకుండా పోయింది, ఆపైన మొహమే పోయింది. తర్వాత తెల్లచొక్కా, నల్లప్యాంటు. బీచిలో మిగతావాళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నారు, ఆయన మాత్రం పాతేసినట్టు అక్కడే ఉన్నాడు.

"విజయ గారూ, ఆయన సెయ్యి ఊపుతున్నాడా?"

"లేదండి. ఎండకి నుదుటి మీద పెట్టుకున్నాడు."

"నేనూ అల్లాగే పెట్టుకుంటానండి" అంది.

ఇంకాస్త దూరం పోయాం. ఒడ్డున ఏది మనిషో ఏది మోడో తెలియడం లేదు. తెల్లచొక్కా ఒక్కసారి అలల నురగలో కలిసినట్టే కలిసి, మళ్ళీ బయటపడి, మళ్ళీ కలిసిపోయింది. ఆవిడ కళ్ళు చికిలించి చూసింది.

"పోనాడు" అంది. తర్వాత కాసేపటికి, "అంటే నేను ఇంత తొందరగా పోతానన్నమాట" అంది.

ఏదో ఒకటి అనాలని, "పడవ పెద్దది కదండీ, అందుకే అది మీకు చాలాసేపు కనబడుతుంది. మనిషి చిన్నది" అన్నాను.

"అవునండి, మనిషి సిన్నది" అని ఆవిడే నవ్వేసింది. ఆ తర్వాత అద్దం వైపు తిరిగి సుబ్బలక్ష్మి గారికి ఏ చేప పులుసుకి బాగుంటుందో, ఏది వేపుడుకి బాగుంటుందో చెప్పడం మొదలుపెట్టింది. ఆ రంగురంగుల చేపల్లో ఒక్కటీ కూరకి పనికిరాదని తేల్చేసింది.

తిరిగి వచ్చేసరికి నీళ్ళు తగ్గడం మొదలైంది. పడవవాడు మమ్మల్ని ఎక్కించుకున్న చోట కాకుండా, మూల తిరిగి బీచి రెండో చివర దింపుతానన్నాడు. మూల తిరగగానే నూకరాజు కనబడ్డాడు. బీచి ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు. ఇంటి దగ్గర కుట్టించుకున్న కొత్త ప్యాంటుతో నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు.

"ఏటైపోయారు?" అని అరిచాడు. "ఆ మూల తిరిగేక కనబడరేంటి? ఎంతసేపే?"

"గంట కూడా అవలేదయ్యా" అంది సత్యవతి.

"గంటేంటి! పొద్దెక్కిపోయింది. గాలి మారింది. ఎవణ్ణి అడిగినా వత్తారు వత్తారు అంటాడు. వాడికేం తెలుసు?"

సత్యవతి పడవ అంచు పట్టుకుని నీళ్ళలోకి దిగింది. ఆయన మొహంలోకి చూసింది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు, వింత చూసినట్టు చూసింది.

"ఒక్కపూటకే ఇలాగైపోయేవేంటి?" అంది. "నాకు రోజూ ఇదే కదా."

ఇద్దరూ నీళ్ళలోంచి ఇసుక మీదకి వచ్చారు. కొంచెం దూరం నడిచాక ఆయన అడిగాడు. నేను వెనకే ఉన్నాను గనక నాకు వినబడింది.

"ఎంతదూరం కనబడ్డాను?"

"ఆట్టే లేదు. తెల్లసొక్కా కదా, నురగలో కలిసిపోనావు. ఎర్రది తొడుక్కుని ఉంటే ఇంకాసేపు కనబడేవోడివి."

ఆయన వెనక్కి చూసేవాడో లేదో ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. మర్నాడు పోర్ట్ బ్లెయిర్‌కి తిరుగు పడవలో మాత్రం నా దగ్గరికొచ్చి, "ఆ ఎనకవైపు కిటికీ పక్కన సీటు దొరకద్దాండి?" అన్నాడు. మార్పించి ఇచ్చాను. ఉప్పు పట్టిన అద్దాన్ని తువ్వాలుతో లోపల్నుంచే తుడుస్తూ, దీవి కనబడినంతసేపూ వెనక్కే చూస్తూ కూర్చున్నాడు. నేను చూస్తున్నానని గమనించి, "బస్సే కదండీ" అన్నాడు.

ఎర్ర చీర

కొత్తగా వస్తున్నవాళ్ళకి నేను చెప్పేది కొంచెమే. ఎక్కడికి వెళ్తారని అడగండి, ఏం చూస్తారని అడగండి, కాని అంతటితో ఆగిపోకండి. చాలామంది దూరం వెళ్ళేది అక్కడున్నది చూడ్డానికి కాదు, అక్కణ్ణించి తమ ఇల్లు ఎలా కనబడుతుందో చూసుకోడానికి. ఆ మాట వాళ్ళు నోరు తెరిచి చెప్పరు. ఒక పూట ఖాళీగా వదలండి. మీ యజమాని ఒప్పుకోకపోతే దానికేదో ఒక పేరు పెట్టండి. ఏసీ ఉన్న చోట కిటికీ ఉందో లేదో కూడా చూసుకోండి.

నేను రిటైరైన ఏడాది, వేట మళ్ళీ మొదలయ్యాక, చుట్టాల పనిమీద కాకినాడ వెళ్ళాను. సత్యవతి అప్పటికే రెండుసార్లు ఫోను చేసి, చేపల పులుసు తినిపోవాల్సిందేనని పట్టుబట్టింది. పొద్దున్నే మొదటి బస్సెక్కి వాళ్ళ ఊళ్ళో దిగి, తిన్నగా ఒడ్డుకే వెళ్ళాను. ఇంటికెళ్తే ఆ వేళప్పుడు ఆవిడ ఇంట్లో ఉండదని నాకు తెలుసు.

వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. బస్సు దిగిన చోట నుంచే కనబడింది. మిరపపండు రంగు చీర కట్టుకుని ఇసుక మీద నిలబడి ఉంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ పనికి కట్టుకునే వెలిసిపోయిన చీరల్లో ఉన్నారు.

"ఏంటండీ సత్యవతి గారూ, పొద్దున్నే పెళ్ళిచీరా?" అన్నాను.

"మా ఆయన తెచ్చాడండి కాకినాడ నించి" అంది సిగ్గుపడుతూ. "ఒడ్డుకి వచ్చినప్పుడు ఇదే కట్టుకో అన్నాడు. ఎందుకురా బాబూ అంటే సెప్పడు. సేపలమ్ముకునేదానికి ఎర్రసీరేంటని ఊళ్ళో అందరూ నవ్వుతన్నారండి."

పడవ అప్పుడే నీళ్ళలోకి తోశారు. నలుగురు మగవాళ్ళు ఎక్కారు. ఇంజను దగ్గర ఒక ఆయన కూర్చున్నాడు, ఇద్దరు ముందుకి చూస్తూ నిలబడ్డారు. నూకరాజు పడవ చివర ఉన్నాడు. మొదటి అల మీదకి ఎక్కి దిగారు, రెండోది దాటారు, మూడోది దాటాక నీళ్ళు నున్నగా అయిపోయాయి. ఆయన తిరుగుతాడా?

ఆయన తల తిప్పి చూడలేదు. ఆచారం ఆచారమే. కాని అలలు దాటగానే మా వైపు మళ్ళి కూర్చుని, ఒళ్ళోకి ఏదో తాడు లాక్కుని దాన్ని సరిచేసుకోవడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నాడండీ?" అన్నాను.

"తాడు ముడి ఇప్పుకుంటన్నాడండి" అంది సత్యవతి, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని. ఎండ ఇంకా రానే లేదు. "ఈ మధ్య రోజూ ఇదేనండి. ఆ తాడుకేం పీటముడి పడిందో గానీ, పడవ సుక్కయ్యేదాకా ఇప్పుకుంటానే ఉంటాడు."

గాలికి ఎర్రకొంగు ఎగిరిపోతోంది. ఆవిడ దాన్ని నడుముకి దోపుకోలేదు. అలాగే ఎగరనిచ్చింది.